సయీదా ఏరు దాటిన ఎండాకాలం

ఆ ఏడు మార్చి నెలాఖరుకే మాచర్లలో మధ్యాహ్నం వీధులు ఖాళీ అయిపోయేవి. నేను పొద్దున్నే మిర్చి కల్లానికి వెళ్ళి, కాయలకు తొడిమలు తీసి, పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చేదాన్ని. ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోయేది కాదు. చెమట తుడుచుకోవాలన్నా మోచేత్తోనే తుడుచుకోవాలి. అట్లా మోచేత్తో ముఖం తుడుచుకుంటూ గడప దాటిన ఒక సాయంత్రం, మా ఆడబిడ్డ సయీదా నన్ను కూర్చోనివ్వకుండానే పిలిచింది.

"భాభీ, ఒకసారి ఇట్టా రా. అబ్బాని పక్కకి తిప్పాల."

అబ్బా అంటే మా మామగారు అలీ సాహెబ్. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక మంచానికే అతుక్కుపోయారు. మాట కూడా పోయింది. "ఆఁ" అనే ఒక్క శబ్దం మిగిలింది. ఆయన్ని కడగడం, తిప్పడం, తినిపించడం, గడ్డం గీయడం అన్నీ సయీదానే చేసేది. నా భర్త ముజాహిద్ లారీ డ్రైవరు. దాచేపల్లిలో సిమెంటు ఎక్కించుకుని బయలుదేరితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. మా అమ్మాయి మిస్బా కారంపూడిలో మా అమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. ఇక ఇంట్లో మిగిలేది మేమిద్దరం. నేను పగలంతా కల్లంలో ఉంటే ఇల్లు మొత్తం సయీదా మీదే నడిచేది. ఆమెకు నలభై దాటాయి. వచ్చిన సంబంధాలు ఏదో ఒక వంకతో తప్పిపోతూ వచ్చి, చివరికి రావడమే మానేశాయి.

"నేను పట్టుకుంటా, నువ్వు తిప్పు," అన్నాను ఎప్పటిలాగే.

"కాదు. నువ్వే తిప్పు. నేను చూస్తా."

విసుగ్గా ఆయన భుజం కింద చెయ్యి పెట్టి లేపబోయాను. నడుం కలుక్కుమంది. ఆయన కదల్లేదు.

"అట్టా లేపితే నీ నడుం పోద్ది. మోకాలు మంచం పట్టెకి ఆనించు. కింద దుప్పటి అంచు పట్టుకొని నీకాడికి లాగు. ఆయన బరువుకి ఆయనే తిరుగుతాడు."

లాగాను. ఆయన నిజంగానే తిరిగారు. వీపు మీద ఒక్క పుండు కూడా లేదు. అన్నాళ్ళుగా మంచం పట్టిన మనిషి వీపు అంత శుభ్రంగా ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఇంకోసారి," అంది సయీదా.

"ఇయ్యన్నీ నాకెందుకు? నువ్వున్నావుగా."

ఆమె దుప్పటి ముడతలు సర్దుతూ ఉండిపోయింది.

ఆ వారమంతా అదే వరస. జావ ఎంత పల్చగా ఉండాలో, గొంతుకు అడ్డం పడకుండా తల ఎటు వంచాలో, ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కొట్టుకుంటే నీళ్ళనీ, "ఆఁ" అని సాగదీస్తే బట్టలు తడిశాయనీ ఒక్కొక్కటే నేర్పింది. నేను మొండిగా వింటూ వచ్చాను. శుక్రవారం పెరట్లో బట్టలు పిండుతూ ఉండగా అడిగేశాను.

"నువ్వు ఎక్కడికి పోతన్నావు?"

"ఏటి అవతలకి."

"ఎవరితో?"

"మౌలాలితో," అంది, తడి దుప్పటి రెండో కొస నా చేతికిస్తూ.

మౌలాలి ఎవరో నాకు తెలుసు. చిన్నప్పుడు మా మామగారి షెడ్డులో పని నేర్చుకున్నాడు. ఇప్పుడు సాగర్ నీళ్ళు అడివిలోకి పాకిన చోట, ఒడ్డున గుడిసె వేసుకొని చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. భార్య చనిపోయింది, పిల్లల్లేరు. ఆ చలికాలం చివర సాహెబ్‌ని చూడ్డానికని వచ్చి, వెళ్ళే ముందు మా ఆయన్ని బయటికి పిలిచి సయీదాని అడిగాడు. నేను వంటింట్లోంచి విన్నాను.

"మీరు దూదేకులోళ్ళు, మేం షేకులం. ఎట్టా కుదురుద్ది?" అన్నాడు మా ఆయన. "అయినా దానికి ఇప్పుడు పెళ్ళేంది? నలుగురూ నవ్వరా?"

మౌలాలి సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఆయన నా పక్కన కూర్చొని, కాళ్ళు చాపుకొని, చాలాసేపటికి నిజం చెప్పాడు. "అది పోతే అబ్బాని ఎవరు చూస్తారు, చెప్పు?" మనసులో కుళ్ళున్న మనిషి కాదాయన. వారాల తరబడి స్టీరింగు పట్టుకొని అలిసిపోయినవాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేకపోయింది.

ఇప్పుడు ఆ జవాబు నేనేనని సయీదా నిర్ణయించింది. ఒళ్ళు మండింది నాకు.

"నువ్వు పోతే ఈ చాకిరీ అంతా నాదేగా," అన్నాను. "కల్లం మానుకోవాల్నా? నా నడుమేమన్నా ఇనపదా?"

"కాదు," అంది సయీదా. "నాది కూడా కాదు భాభీ."

నేను దుప్పటి ఆమె చేతుల్లో వదిలేసి లోపలికి వచ్చేశాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఒకే వంటింట్లో, ఒకే మంచానికి అటూ ఇటూ మసలుతూ మాట్లాడకుండా ఉండటం కూడా పెద్ద పనే. మూడోనాడు జావ గిన్నె దించుతూ తనే మొదలుపెట్టింది.

"ఆపాలనుంటే ఆపు. నువ్వు వద్దంటే పోను. కానీ ఆ మాట నువ్వే చెప్పాల. భాయ్‌తో చెప్పించమాక."

వద్దు అనడానికి నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడటం లేదు, గిన్నె వైపు చూస్తోంది. వేలితో జావ వేడి చూసి, ఊది, మళ్ళీ చూసింది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అడివిలో ఆ హవాయి చెప్పులు ఆగవు. నా బూట్లేసుకో."

*

రోడ్డున వెళ్ళే వీలు లేదు. బస్టాండులో టీ కొట్టు దగ్గర నుంచి సాగర్ రేవు దాకా ఆటోవాళ్ళు, లారీవాళ్ళు, డ్యూటీ దిగిన కండక్టర్లు అందరూ మా ఆయన దోస్తులే. సయీదా ఒక్కతే బస్సెక్కితే ఆ బస్సు ఊరు దాటకముందే ఆయనకు ఫోన్ వెళ్తుంది. రాత్రిపూట అసలే కుదరదు. ఎండలకు ఊరంతా వాకిళ్ళలో మంచాలు వేసుకొని పడుకుంటుంది.

అందుకని మిట్టమధ్యాహ్నం, అడివిలోంచి వెళ్ళాలని మౌలాలి అన్నాడు.

సాహెబ్‌ని చూసే వంకతో ఏప్రిల్ మొదట్లో మళ్ళీ వచ్చాడు. మా ఆయన ట్రిప్పులో ఉన్నాడు. మౌలాలి నాపరాళ్ళ గచ్చు మీద కూర్చొని, చెంబులో వేలు ముంచి గీతలు గీసి చూపించాడు. వెల్దుర్తి వైపు ఆటోలో వెళ్తే అడివి మొదట్లో దర్గా ఉంది. గురువారం ఆడవాళ్ళు ఫాతెహాకి వెళ్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దర్గా వెనక పశువుల బాట. ఆ బాట గుట్ట ఎక్కి అటువైపు దిగితే నీళ్ళు. నీళ్ళ దగ్గర పడవ. అవతలి ఒడ్డు తెలంగాణ. దేవరకొండ వైపు ఒక పల్లెలో అతని పిన్ని అంజుమ్ ఖాలా ఇల్లుంది. నికాహ్ చదవడానికి ఖాజీ ఒప్పుకున్నాడు.

అతను గీసిన ఏరు, గుట్ట, దర్గా చూస్తుండగానే ఆరిపోతున్నాయి. నేను అర్థం కాలేదన్నప్పుడల్లా మళ్ళీ వేలు ముంచి మొదటి నుంచీ గీశాడు.

"గుట్ట దాటాక ఫోన్లు పనిచెయ్యవు," అన్నాడు.

"దారి తప్పితే?" అన్నాను.

"నిలబడి ఇనండి. నేను ఇంజను ఆడిస్తా ఉంటా. కాసేపు ఆడించి, కాసేపు ఆపి, మళ్ళీ ఆడిస్తా. మోత ఎటొస్తే అటు రండి."

సయీదా నవ్వింది. ఆమె పళ్ళు కనిపించేలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

"అబ్బాని అడక్కుండా నేను రాను," అంది మళ్ళీ అంతలోనే.

మౌలాలి లేచి మంచం దగ్గరకు వెళ్ళాడు. గచ్చు మీద గొంతుకూర్చుని, మా మామగారి కాళ్ళు పిసుకుతూ కాసేపు పడవ ఇంజన్ల గురించి చెప్పాడు. ఒక ఇంజను పొగ ఎక్కువ వదులుతోందనీ, నాజిల్ మార్చినా మారలేదనీ. తర్వాత అదే గొంతుతో, "సాహెబ్, సయీదాని నాకివ్వండి. బాగా చూసుకుంటా," అన్నాడు.

మా మామగారు అతని వైపే చూస్తున్నారు. ఆయన కుడి కంటి నుంచి ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఎడమ చేత్తో మౌలాలి చెయ్యి పట్టుకున్నారు. మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూశారు. చాలాసేపు వదల్లేదు.

అది ఒప్పుకోవడమేనని సయీదా అంది. డీజిల్ వాసన కోసమేమోనని నాకు అనుమానం. ఆ మాట పైకి అనలేదు.

*

వెళ్ళే గురువారం పొద్దున సయీదా అబ్బాకి గడ్డం గీసింది, ఒళ్ళంతా తుడిచి పౌడరు వేసింది, కొత్త లుంగీ కట్టింది. ఆయనకు కునుకు పట్టింది. చెవి దగ్గర వంగి ఏదో చెప్పి, మంచం పట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. పక్కింటి ఫిలోమినా ఇదివరకు నాతో పాటు కల్లానికి వచ్చిన మనిషి. దర్గాకి వెళ్ళొస్తాం, అబ్బా దగ్గర కూర్చోమంటే వచ్చింది.

"ఈ ఎండలో దర్గా ఏందే మీకు? మీ దేవుడు సాయంత్రం పలకడా?" అంది.

"మొక్కు, అక్కా," అన్నాను. సయీదా చేతిలో చిన్న సంచీ తప్ప ఏమీ లేదు.

దర్గా దగ్గర ఆటో దిగేసరికే నాపరాళ్ళు పెనంలా కాలుతున్నాయి. చాదర్ మీద పూలు వేసి, దర్గా చూసుకునే ముజావర్ నీడకు చేరి కళ్ళు మూసుకోగానే వెనక బాట పట్టాం. అడివంటే పచ్చగా ఉంటుందనుకున్నాను. ఏప్రిల్ అడివి ఎముకలగూడులా ఉంది. ఆకులన్నీ రాలి, కాలు వేస్తే చాలు అప్పడాల్లా విరుగుతూ ఊరంతటికీ వినిపించేంత చప్పుడు చేశాయి. బురఖాలు ముళ్ళకు పట్టుకుంటున్నాయి. కాసేపటికి ఇద్దరం వాటి అంచులు ఎత్తి నడుముకు చుట్టుకున్నాం.

ఒక చెట్టుకు పెట్టెలాంటిది కట్టి ఉంది. పులి తిరిగితే ఫోటో తీసే కెమెరా అది. నేను తప్పించుకొని పక్కనుంచి పోదామన్నాను. సయీదా దాని ఎదురుగా వెళ్ళి నిలబడి, ముసుగు తీసి, జుట్టు సర్దుకుంది.

"పడనీ భాభీ. పెళ్ళికూతురి ఫోటో ఒకటన్నా ఉండాలగా."

గుట్ట ఎక్కేసరికి నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నీళ్ళ సీసా సగం అయిపోయింది. దిగువన ఒక ఇప్పచెట్టు కింద నల్లగా ఏదో కదిలింది. కాలిపోయిన మొద్దు అనుకున్నాను. మొద్దు తల ఎత్తింది.

ఎలుగుబంటి రాలిన ఇప్పపూలు తింటోంది. మాకూ దానికీ మధ్య మా ఇంటి నుంచి ఫిలోమినా ఇంటికి ఉన్నంత దూరం కూడా లేదు. సయీదా నా మణికట్టు పట్టుకుంది. అది మా వైపు ముక్కు చాపి గాలి పీల్చింది. ఎండలో అది కూడా నోరు తెరిచి రొప్పుతోంది. నాలుక పక్కకు వేలాడుతోంది. ఆ క్షణంలో నాకు భయం కంటే ముందు, అయ్యో దీనికి కూడా దప్పికే కదా అనిపించింది. అది మళ్ళీ తల వంచి పూలలో మూతి పెట్టుకుంది.

మేం అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకు, పక్కకు, రాళ్ళ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. అది కనిపించనంత దూరం వచ్చాక చూస్తే బాట లేదు. ఎటు చూసినా ఒకే రకం చెట్లు, ఒకే రకం రాళ్ళు. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. నీడ లేని చోట ఒక బండ మీద కూలబడ్డాను.

"పోదాం సయీదా. వెనక్కి పోదాం. నావల్ల కాదు."

"వెనక్కెటు?" అంది.

నిజమే. అది కూడా తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది. సయీదా చున్నీ తీసి నా తల మీద గొడుగులా పట్టి నిలబడింది.

"మాట్లాడమాక. ఇను."

ఏమీ వినిపించలేదు. ఆకులు, కీచురాళ్ళు, నా ఊపిరి. ఎంతసేపయిందో తెలియదు. అప్పుడు ఎక్కడో చాలా దూరాన, గొంతులో కఫం అడ్డం పడ్డ ముసలాయన దగ్గినట్టు ఒక శబ్దం మొదలైంది. నాకది ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంది. సయీదా కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు షెడ్డులో ఇంజన్ల మధ్యే పడుకొని పెరిగిన మనిషి ఆమె.

"అటు," అంది చెయ్యి చూపిస్తూ. మోత ఆగిపోయింది. ఆగినా చెయ్యి దించలేదు. మళ్ళీ మొదలయ్యేసరికి మేం నడుస్తున్నాం.

*

చెట్లు ఉన్నట్టుండి అయిపోయి నీళ్ళు కనిపించాయి. ఒడ్డున పగుళ్ళు తీసిన బురద, దాని చివర పడవ. పడవలో నల్ల గొడుగు కింద ఒక ముసలమ్మ కూర్చొని వక్కాకు నములుతోంది. అంజుమ్ ఖాలా. పెళ్ళి కాకుండా ఆడపిల్ల మగవాడితో ఒంటరిగా పడవెక్కకూడదని తనే వచ్చిందట. మౌలాలి ఇంజను ఆపి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. సయీదా ముఖం చూశాడు, చీరుకుపోయిన బురఖా చూశాడు.

"నీళ్ళు తాగావా?" అన్నాడు.

అంతే.

నన్ను మళ్ళీ అడివిలోంచి పంపే మాటే లేదు. ఏటి వెంట దిగువకు వెళ్ళి, అనుపు అనే చోటికి ఇవతల చేపల పడవలు ఆగే చోట దించి, అక్కడి నుంచి వాళ్ళు ఏరు దాటాలనుకున్నారు. పడవ కదిలింది. సయీదా ఎప్పుడూ పడవ ఎక్కలేదు. ఖాలా మోకాలు గట్టిగా పట్టుకొని కూర్చుంది. నేను అంచు మీద వాలి రెండు చేతులూ నీళ్ళలో వదిలేశాను. మిర్చి కాలం మొదలైనప్పటి నుంచి పట్టి ఉన్న మంట, మోచేతుల దాకా నెమ్మదిగా చల్లారింది. రెండు వైపులా గుట్టలు వెనక్కి పోతున్నాయి. చేయాల్సిన పని లేదు. నన్ను పిలిచేవాళ్ళు లేరు. పడవలో ఒక చోట కూర్చోవడమే నా పని.

ఒడ్డు దగ్గరకొచ్చింది. నేను లేవలేదు.

"దిగవే పిల్లా," అంది ఖాలా. లేవకపోయేసరికి నా ముఖంలోకి చూసి నవ్వింది. "ఏంది, నువ్వు కూడా వస్తావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయితే ఆ నవ్వు అయిపోయాక కూడా కాసేపు అలాగే కూర్చున్నాను. మౌలాలి ఇంజను ఆపలేదు, తొందరపెట్టలేదు. తర్వాత లేచి, బూట్లు చేత పట్టుకొని నీళ్ళలోకి దిగాను. అవి నా బూట్లే. సయీదా పడవలో విప్పి ఇచ్చేసింది.

"శుక్రవారం గోళ్ళు తియ్యాల," అంది ఆమె పడవ అంచు నుంచి వంగి. "ఎడం చేతికి నొప్పెక్కువ. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి..." అంటూ మధ్యలో ఆగిపోయింది. "సరే. ఇంక చెప్పను."

పడవ తిరిగింది. నేను ఆటో ఎక్కే దాకా వెనక్కి చూడలేదు.

*

మా ఆయన ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. నేను వాకిలి మెట్టు మీద కూర్చొని ఉన్నాను. బూట్లు కూడా విప్పలేదు. ఫిలోమినా వెళ్ళిపోయింది.

"సయీదా ఏది?"

"మౌలాలి దగ్గరికి పోయింది. ఈ పాటికి నికాహ్ అయ్యుంటది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అడిగాడు. "ఎవరు తీసకపోయారు?"

"నేనే."

చేతిలో ఉన్న టిఫిన్ క్యారియర్ గోడకేసి కొట్టాడు. గిన్నెలు వాకిలంతా దొర్లాయి. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి చూశారు. "ఏ మొహం పెట్టుకొని తిరగాల నేను ఊళ్ళో?" అని అరిచాడు. బండి తాళం కోసం లోపలికి పోయి వచ్చాడు. ఎవరికో ఫోన్ చేయబోయి, ఏమని చెప్పాలో తెలియక పెట్టేశాడు. బండి స్టార్టు చేశాడు. అప్పుడు లోపలి నుంచి "ఆఁ" అని వినిపించింది. సాగదీసిన ఆఁ. మళ్ళీ. మళ్ళీ.

"పో, చూడు," అన్నాడు నాతో.

నేను లేవడానికి చూశాను. మెట్టు మీద చెయ్యి ఆనించి బలం పెట్టాను. సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయాను.

"లేవలేకపోతన్నానండీ," అన్నాను. "మీరు చూడండి."

ఎదురుతిరగాలని అన్న మాట కాదది. తర్వాత చాలామంది ఎదురుతిరిగాననే అనుకున్నారు, మా ఆయనతో సహా. నిజంగానే నా ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు. ఆయన బండి మీద కూర్చొని నన్నే చూశాడు. లోపలి నుంచి పిలుపు ఆగలేదు. బండి ఆపేసి, చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు, బకెట్టు తన్నుకున్న చప్పుడు, ఆయన వాంతి ఆపుకుంటున్న చప్పుడు వినిపించాయి. చాలాసేపటికి బయటికి వచ్చి తడి చేతులతో తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు లారీ తోలిన చేతులు.

"దుప్పట్లు ఎక్కడున్నాయ్?" అని అడిగాడు. గోడను అడిగినట్టు అడిగాడు.

ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. ఏం కావాలన్నా గోడతోనో, అబ్బాతోనో అనేవాడు. మసీదు దగ్గర పెద్దమనుషులు పిలిచి అడిగితే తల వంచుకొని కూర్చొని వచ్చాడట. సాగర్ ఒడ్డుకు వెళ్ళి మౌలాలి కాళ్ళు విరగ్గొడతానని బజారులో అన్నాడు గానీ వెళ్ళలేదు. వెళ్ళే తీరికే ఆయనకు దొరకలేదు. దూరం ట్రిప్పులు మానేసి, దాచేపల్లిలో క్వారీకీ ఫ్యాక్టరీకీ మధ్య రాయి తోలే బండికి మారాడు. రోజూ రాత్రికి ఇంటికి వచ్చేవాడు. రాబడి తగ్గింది, కూర తగ్గింది. నేను కల్లానికి పోవడం మానలేదు. పొద్దున పూట నాది, రాత్రి పూట ఆయనది, మధ్యాహ్నం కాసేపు ఫిలోమినా వచ్చి తొంగిచూసేది. మొదట్లో మా మామగారికి నడుం దగ్గర ఒక పుండు పడింది. దాన్ని మాన్పడానికి మే నెలంతా పట్టింది. సయీదా ఉంటే పడేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు.

జూన్‌లో, మబ్బులు కమ్మి వాన రాకుండా ఉక్కపోస్తున్న ఒక ఆదివారం సయీదా ఫోన్ చేసింది. అప్పటిదాకా తను చేయలేదు, నేనూ చేయలేదు. మా ఆయన వరండాలో కూర్చొని టైరు పంక్చరు వేస్తున్నాడు. పేరు వినగానే చెయ్యి ఆగింది కానీ తల ఎత్తలేదు.

అబ్బా ఎట్టున్నాడని అడిగింది. పుండు సంగతి చెప్పాను.

"నువ్వు సుఖంగా ఉన్నావా?" అన్నాను.

"ఏమో భాభీ. ఇక్కడా అదే ఎండ, అదే పొయ్యి. మౌలాలి చొక్కాలకి మసి అంటుకుంటే ఎంత ఉతికినా పోదు. ఖాలాకి చెవులు ఇనపడవు, అరిచి అరిచి గొంతు పోతంది." ఆగింది. "కానీ నిద్ర పడతంది. పడుకుంటే తెల్లారిందాకా మెలకువ రాట్లేదు. ఇన్నేళ్ళ నిద్ర ఎక్కడ దాక్కుందో, అంతా ఇప్పుడొస్తంది."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. సంతోషానికో, కుళ్ళుకో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. వంటింట్లో గచ్చు చల్లగా ఉంది. కాసేపు నడుం వాలుద్దామని పక్కకి ఒరిగాను.

వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. చీకటి పడిపోయింది. పెరట్లో ఆరేసిన బట్టలు గుర్తొచ్చి పరిగెత్తాను. తీగ మీద ఒక్కటీ లేదు. అన్నీ తెచ్చి ఇంట్లో కుర్చీ మీద కుప్పగా పోసి ఉన్నాయి. మంచం పక్కన మా ఆయన అబ్బా తల తన మోచేతి మీద పెట్టుకొని జావ తాగిస్తున్నాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"లేపొచ్చుగా," అన్నాను.

"నిద్ర పోతన్నావుగా," అన్నాడు ఆయన. నాతోనే అన్నాడు, గోడతో కాదు.

నేను బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను. వాన పెద్దదైంది. కాసేపటికి, ఇటు తిరగకుండానే అడిగాడు.

"అది ఎట్టా ఉందంట?"

"నిద్ర పడతందంట," అన్నాను.

ఆయన స్పూను గిన్నెలో పెట్టి, అబ్బా మూతి తుడిచాడు.